మాగ్నెట్టు మావ రాయి

మీకిప్పుడు శాంపిలు మిషనే తీస్తుందట. మిషనే పొడి చేస్తుందట, మిషనే పరీక్ష చేసి అంకెలు అచ్చేసి చేతికిస్తుందట. మొన్నొక పెళ్ళిలో కలిసిన కొత్త ఇంజినీరు గారు చెప్పారు. మంచిదే నాయనా. మా చేతులు చేసిన తప్పులు మీ మిషన్లు చెయ్యవు. అలాంటి ఒక తప్పు గురించే ఈ నాలుగు పేజీలు. "మా చేతులు" అన్నాను చూశారా, డెబ్బై దాటినా పాత బుద్ధి పోలేదు. నా చేతులు. నేను చేసిన తప్పు.

పంతొమ్మిది వందల డెబ్బైల చివరి సంగతి. విశాఖపట్నం రేవులో ఓడలకు ఇనుప ఖనిజం ఎక్కించే ఒక సంస్థలో నేను శాంపిల్ అసిస్టెంటుని. సంస్థ పేరు చెప్పను. మనుషుల పేర్లు అసలే చెప్పను. కొందరు పోయారు, ఉన్నవాళ్ళకు మనవలున్నారు. మాది భీమిలి పక్క పల్లె. వ్యవసాయం చేసుకునే ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. మల్కాపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, కొత్త కాపురం పెట్టి, ప్రొబేషన్లో ఉన్నాను. ఈ ప్రొబేషన్ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా పని ఇదీ. కొండల్లోంచి రైళ్ళ మీద ఖనిజం వస్తుంది. దాన్ని రేవు పక్కన గుట్టలుగా పోస్తారు. ఓడ వచ్చినప్పుడు ఆ గుట్టను తవ్వి బెల్టు మీద వేస్తే, అది బెల్టుల మీదే ప్రయాణం చేసి ఓడ కడుపులో పడుతుంది. పావుగంటకోసారి నేను బెల్టు దగ్గర పార వేసి కొంత ఖనిజం తీసి ట్రేలో పోస్తాను. ట్రేలు ఎండబెట్టి, క్రషర్లో కుమ్మరించి పొడి చేస్తాను. ఆ పొడిని కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, మూడు పారేసి ఒకటి ఉంచుతాను. ఉంచినదాన్ని మళ్ళీ నాలుగు చేస్తాను. అలా చేసుకుంటూపోతే చివరికి గుప్పెడు పొడి మిగులుతుంది. అంత పెద్ద ఓడకీ ఆ గుప్పెడే సాక్ష్యం.

నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "ఒరే, రాయి ముఖం చూడకు." చూస్తే మంచి రాయి, చెడ్డ రాయి అని మనసు ఏరుతుంది. ఏరితే అది శాంపిల్ కాదు, మోసం. అందుకని కళ్ళు పక్కకి తిప్పి పార వెయ్యాలి, కళ్ళు పక్కకి తిప్పి ట్రే కుమ్మరించాలి. ఆరు నెలల్లో నాకది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరమంటే ఒక్కటీ కనిపించేది కాదు. "ఓడలో ఏసే రాళ్ళయితేనే మా ఆయనకి ఆనతాయి" అని మా ఆవిడ ఇరుగుపొరుగమ్మలకు చెప్పి నవ్వేది. ఆ రాళ్ళను కూడా నేను చూడనని ఆమెకేం తెలుసు.

నా చోటికి కాస్త ఎగువన, బెల్టుకు అడ్డంగా పైన ఒక పెద్ద అయస్కాంతం వేలాడుతుండేది. ఖనిజంలో కలిసి వచ్చే బోల్టులు, గొలుసు ముక్కలు, తవ్వే మిషన్ల నుంచి విరిగిన పళ్ళు అలాగే వదిలేస్తే బెల్టు నిలువునా చీరిపోతుంది. వాటిని అది పైకి లాగి పట్టుకుంటుంది. మా ఖనిజం ఇనుపదే అయినా ఆ అయస్కాంతానికి అంతగా లొంగే రకం కాదు. పట్టినవాటిని ఎప్పటికప్పుడు తీసి బుట్టలో వేసే మనిషినే అందరం మాగ్నెట్టు మావ అనేవాళ్ళం. నాకంటే పాతికేళ్ళు పెద్ద. యారాడ మనిషి. రోజూ కొండెక్కి దిగి డ్యూటీకి వచ్చేవాడు. నన్ను అల్లుడూ అని పిలిచేవాడు. నోట్లో చుట్ట తప్ప మరో అలవాటు లేదు. కారణముంది. వాళ్ళ నాన్న తాగి తెప్ప ఎక్కి, తిరిగి రాలేదు. అప్పటినుంచి చుక్క ముట్టనని తల్లి తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తల్లి ఎనభై ఏళ్ళు వచ్చి ఇంకా బతికే ఉంది.

అలాంటి మనిషి సర్వీసు కాగితాల్లో "డ్యూటీలో మద్యం సేవించి" అని రాశారు.

ఎలా జరిగిందంటే, ఒక సాయంత్రం పొద్దు అప్పుడే గుంకింది. ఓడ నిండుతోంది. మావ పైన, బెల్టు పక్కన నడవడానికి కట్టిన గ్యాలరీలో ఒక్కడే ఉన్నాడు. సముద్రం వైపునుంచి కొండ మీదుగా పచ్చటి వెలుగొకటి దూసుకొచ్చి, టపాకాయలా పగిలి, ఒక ముక్క మా ఖనిజం గుట్టమీద పడిందట. గుట్ట పక్కన మనుషులుంటారని భయపడి మావ తాడు లాగేశాడు. బెల్టు పొడుగునా ఒక తాడు ఉంటుంది, ఎవరి ప్రాణం మీదికైనా వస్తే లాగడానికి. లాగితే బెల్టు ఆగిపోతుంది. ఓడ నిండుతున్నప్పుడు తాడు లాగడమంటే మాటలు కాదు. ఇన్‌ఛార్జి పరిగెత్తుకొచ్చాడు. మావ వణుకుతున్నాడు, మాట తడబడుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ దుమ్ములో ఎవరి కళ్ళు ఎర్రగా ఉండవు చెప్పండి?

"ఆకాశం నుంచి రాయి పడ్డాది బాబూ! నా కల్లతో సూసేను!"

కింద షెడ్లో ఉన్నవాళ్ళెవరూ ఏమీ చూడలేదు. మోటార్ల హోరులో ఏమీ వినలేదు. నేనూ కిందే ఉన్నాను, పార పట్టుకుని, కళ్ళు పక్కకి తిప్పి. కాగితం రాసేశారు. రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. "మావ సుక్కేసుకుని సుక్కని సూసినాడ్రోయ్" అని క్యాంటీన్లో మూడు నెలలు పాట పాడారు. నేనూ నవ్వాను. నవ్వలేదని ఇప్పుడు రాసుకుంటే ఎవరికి లాభం?

ప్రమోషన్ గురించి మావ ఒక్కసారి కూడా మాట్లాడలేదు. తల్లి గురించే. కాగితం సంగతి కొండ దాటి యారాడ చేరింది. ముసలమ్మ కొడుకుతో మాట మానేసింది. వాడు తెచ్చిన చేప ముట్టదు, వాడు పోసిన గంజి తాగదు.

"ఒట్టేసి తాగినానని అనుకుంతంది అల్లుడూ. నానేటి సెప్పినా ఇనదు. 'కాయితం అబద్దం ఆడతాదేట్రా' అంతాది. దానికి అచ్చరం ముక్క రాదు. అయినా కాయితమంటే దేవుడే," అన్నాడొకరోజు, డ్యూటీ దిగి కొండ మొదలు వరకు నడుస్తుంటే. "ఆ రాయి దొరకాల. దొరికితే కాయితం కొట్టించీయొచ్చు. అమ్మ ఉండగానే కొట్టించీయాల."

రాయి పడిన గుట్ట చిన్నకొండంత. పైగా అది నాసిరకం సరుకని కదపకుండా పక్కన పెట్టారు. ఎనిమిది నెలలు అది అలాగే ఉంది. మావ రోజూ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్నొకసారి చూసేవాడు. వానకు కారిన ఎర్రనీళ్ళ పక్కన గొంతుక్కూచుని చూసేవాడు. చివరికొక ఓడకు ఆ గుట్ట తవ్వుతారని తెలిసింది. మావ కనిపించిన ప్రతివాణ్ణీ బతిమాలి, షిఫ్టులు మార్చుకుని, మూడు రోజులు వరుసగా అయస్కాంతం దగ్గరే ఉన్నాడు. తిండి కూడా అక్కడే. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

మూడోరోజు మధ్యాహ్నం మావ శాంపిల్ గదిలోకి వచ్చాడు. తువ్వాలులో చుట్టిన మూటను రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. "అల్లుడూ, సూడు" అన్నాడు.

రెండు పిడికిళ్ళంత రాయి. పైన మాడిన అట్లపెనం లాంటి నల్లటి పొర. ఆ పొరమీద, మెత్తటి పిండిలో బొటనవేలు నొక్కినట్టు గుంటలు. ఒక మూల పెచ్చు లేచినచోట లోపల బూడిదరంగు. మా ఖనిజం పగలగొడితే ఎరుపు తప్ప బూడిదరంగు కనిపించదు. దాని బరువు దాని సైజుకు మించి ఉంది. జేబులోని చిన్న అయస్కాంతం దగ్గర పెడితే టక్కున పట్టుకుంది. ఆ ఉద్యోగంలో చేరాక నేను ఒక రాయి ముఖాన్ని నిజంగా చూడటం అదే మొదలు.

"ఆకాశం నుంచి పడ్డదేనేటి? నువ్వు సదువుకున్నోడివి. ఒక్క మాట సెప్పు."

"నికెల్ ఉందేమో చూడాలి మావా. ఉంటే ఆకాశానిదే. మన కొండల రాయిలో ఉండదు. రేపటికి తేల్చేస్తాను."

"నువ్వు సెప్తే ఆఫీసరు గారు ఇంతారు," అని మావ తన బెల్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

రాయిని ట్రేలో పెట్టి చూస్తూ ఉన్నాను. ఇంతలో బయట జీపు ఆగిన చప్పుడు. శాంపిల్ గదిలో రిజిస్టరులో లేని రాయి ఏదీ ఉండకూడదని కఠినమైన రూలు. ఆ ట్రేని చటుక్కున మిగతా ట్రేల వరసలోకి తోసేశాను. ఆఫీసరు గారు లోపలికి వచ్చి, ఓడ అనుకున్నదానికంటే ముందే బయల్దేరుతోందనీ, కాగితాలు గంటలో కావాలనీ చెప్పి, పక్కగదిలో ఫోను పట్టుకున్నారు.

నేను క్రషర్ వేశాను. ఒక్కో ట్రే ఎత్తడం, కళ్ళు పక్కకి తిప్పడం, కుమ్మరించడం. ఎత్తడం, తిప్పడం, కుమ్మరించడం. ఏడో ట్రేయో ఎనిమిదోదో, క్రషర్ అరుపు మారింది. ఎప్పుడూ గరగరలాడేది ఒక్కసారి కీచుమంది. స్విచ్ ఆపేసరికి అయిపోయింది. కింద పళ్ళెంలో ఎర్రటి పొడి, దానిమీద బూడిదరంగు పొడి, అందులో చిన్న చిన్న లోహపు పలుకులు మెరుస్తున్నాయి.

ఎనిమిది నెలలు ఒక మనిషి ఎదురుచూసిన రాయి. నా చేతులకు నేర్పిన పద్ధతే దాన్ని మింగేసింది.

అట్టముక్కతో పైపైన ఉన్న బూడిదరంగు పొడి ఎంత వస్తే అంత గీకి డబ్బాలోకి ఎత్తాను. మిగతాది ఎర్రపొడిలో కలిసిపోయింది. ఆ శాంపిల్ పారేసి కొత్తది తీద్దామంటే, ఓడ నిండిపోయింది. తియ్యడానికి ఇంకేమీ లేదు. ఏం చెయ్యాలి? ఎప్పటిలాగే నాలుగు భాగాలు చేసి, మూడు భాగాలు పారబోశాను. ఆ పారబోసినది తర్వాతి ఓడ సరుకుతో కలిసి బెల్టు మీదికే పోతుంది. అలా మావ రాయిలో సగంపైగా ఓడెక్కి, ఏ దేశంలోనో ఏ కొలిమిలోనో కరిగిపోయింది. ఓడ శాంపిల్ శుద్ధంగా ఉందని రాసి, కింద సంతకం చేసింది నేను.

మర్నాడు టీ కొట్టు దగ్గర మావకు అంతా చెప్పాను. ఆయన టీ గ్లాసు తాగకుండానే బల్లమీద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

"రాయి ముకం సూడకూడదని నువ్వే సెప్పేవోడివి గదా," అన్నాడు చివరికి. "సూడనేదు. అంతే. పొడైతే మాత్రం, రాయి రాయి కాకుండా పోతాదేటి?"

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, లేబొరేటరీలో ఎవరూ లేనప్పుడు ఇద్దరం కూచున్నాం. ముందు మా మామూలు ఖనిజంతో పరీక్ష చేసి చూపించాను. రంగు రాలేదు. తర్వాత డబ్బాలోంచి చిటికెడు పొడి తీసి యాసిడ్‌లో కరిగించి, ఇనుము అడ్డురాకుండా చేసి, నికెల్ పట్టించే మందు నాలుగు చుక్కలు వేశాను. గాజుగొట్టంలో పారాణి రంగు విచ్చుకుంది. ఎంత ఎరుపు! ఇన్నేళ్ళ తర్వాత కూడా కళ్ళు మూసుకుంటే నాకు ఆ ఎరుపు కనిపిస్తుంది.

"ఇదేటిది అల్లుడూ, ఇంత ఎర్రగా వొచ్చీసింది?"

"నికెల్ మావా. నువ్వు చూసింది నిజమే. అది పైనుంచి పడిన రాయే."

మావ స్టూలు మీద కూలబడి, తువ్వాలు మొహాన కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని, "మా అమ్మకి నువ్వొచ్చి సెప్తావేటి? నాను సెప్తే ఇనదు. సదువుకున్నోడివి, నువ్వు సెప్తే కాయితం కన్నా గట్టి" అన్నాడు.

"చెప్తాను మావా. ముందు ఆఫీసులో తేలనీ. ఆ కాగితం కొట్టేశారని కూడా కలిపి చెబుతాను."

ఆ మాట నేను నిజంగానే అన్నాను. నిజంగానే అనుకున్నాను.

మావ పెట్టుకున్న అర్జీమీద ఆఫీసరు గారు వారం తర్వాత పిలిచారు. ఆయన దుర్మార్గుడేం కాదు. రూల్సు మనిషి, కానీ ఎదుటివాడు చెప్పేది ఓపిగ్గా వినేవాడు. మావ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ల్యాబ్ రిజిస్టరు పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. రిజిస్టరు తెమ్మన్నారు కాబట్టి వెళ్ళానే గానీ, సాక్ష్యానికని నన్నెవరూ పిలవలేదు.

"రాయి దొరికిందన్నావు. ఏదీ?"

మావ డబ్బా మూత తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది పొడి కదయ్యా. రాయిని పొడి చేసిందెవరు?"

నేనని చెబితే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. ఎక్కడ చేశావు? క్రషర్లో. ఎప్పుడు? ఓడ శాంపిల్ చేస్తూ. అయితే నువ్వు సంతకం పెట్టిన కాగితం తప్పన్నమాట. ప్రొబేషన్లో ఉన్నవాడికి ఇంకేం మిగులుతుంది, ఇంటికి దారి తప్ప? మా ఆవిడకు అప్పుడు ఏడో నెల.

మావ ఒక్కసారి నావైపు చూశాడు. ఆ చూపులో ఇలా చెప్పమని లేదు, చెప్పొద్దని లేదు. ఊరికే చూశాడు. చూసి, నా మొహంలో ఉన్నది చదువుకున్నాడు.

"నానే సేసేను బాబూ. సుత్తేసి కొట్టేను. లోపలేటుందో సూద్దారని."

ఆఫీసరు గారు నిట్టూర్చారు. "ఇలా పొడి తెచ్చి ఆకాశమంటే ఎవరు నమ్ముతారు? ఇది నువ్వు చెప్పిన రాయేనని చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఒక్కరున్నా చాలు. రాసుకుంటాను."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆయన కలం మూత తీసి కాసేపు ఆగారు. నిజంగానే ఆగారు. ఒక్కరున్నా చాలన్నారు, ఆ ఒక్కడు తలుపు పక్కనే ఉన్నాడు. రిజిస్టరును ఛాతీకి అదుముకుని, కళ్ళు పక్కకి తిప్పి.

"ఎవులూ నేరు బాబూ," అన్నాడు మావ. డబ్బాకి మూత పెట్టుకుని బయటికి నడిచాడు. వరండాలో డబ్బా నా చేతిలో పెట్టి, "నీ కాడే ఉంచు. మా ఇంట్లో పిల్లలు పారబోస్తారు" అన్నాడు. అంతే. ఆ రోజు గురించి ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మీలో ఎవరికైనా ఈపాటికి ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. ఆఫీసులో నోరు పెగల్లేదు సరే, కొండ దాటి యారాడ వెళ్ళి ఆ ముసలమ్మకు చెప్పడానికి ఏమైంది? అక్కడ ఏ ఉద్యోగం పోతుంది? ఈ ప్రశ్న నేను నలభై ఏళ్ళకు పైగా వేసుకుంటున్నాను. సిగ్గు. కొడుకు కాగితం ఎందుకు కొట్టెయ్యలేదని ఆమె అడిగితే ఏం చెప్పను? ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకున్నాను. మాకు పాప పుట్టింది. ఆ హడావిడిలో ఇంకో నెల గడిచింది. ఆ వానాకాలంలోనే ముసలమ్మ పోయింది. పోయేముందు కూడా కొడుకు చేతి నీళ్ళు తాగలేదని మావ భార్య చెప్పింది. అత్త మల్కాపురంలో చేపలమ్ముకునేది. మా గుమ్మంలో బుట్ట దించి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పి, మా పాప చేతిలో రూపాయి కాసు పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత నేను రాళ్ళ గురించి దొరికినవన్నీ చదివాను. అంగారకుడికీ గురుడికీ నడుమ లక్షల రాళ్ళు తిరుగుతున్నాయనీ, ఒక గ్రహంగా కలిసే యోగం లేక అలాగే మిగిలిపోయాయనీ, వాటిలో దారితప్పిన ముక్కలే మనమీద పడతాయనీ లైబ్రరీ పుస్తకాల్లో ఉంది. కోట్ల ఏళ్ళు ఒంటరిగా తిరిగిన రాయి, భూమ్మీద ఇంత చోటుండగా, ఎవరూ లేని సముద్రమంత ఉండగా, సరిగ్గా మా గుట్టమీద పడింది. ఒక మంచి మనిషి కంట పడింది. చివరికి నా ట్రేలోకి వచ్చింది. చదివేకొద్దీ ఆ రాయి మీద బెంగ పెరిగేది. ఒక్కసారి, మళ్ళీ ఒక్కసారి దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఆ వేలిముద్రల్లాంటి గుంటల్లో వేలు పెట్టి చూడాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మావ ఆ కాగితంతోనే, అదే అయస్కాంతం కిందనే రిటైరయ్యాడు. నేను ఆయన్ని తప్పించుకుని తిరిగాను. ఆయన కొండ దారి నడుస్తుంటే నేను బస్సెక్కేవాణ్ణి.

ఎనభై ఆరులో తోకచుక్క వచ్చింది. డెబ్బై ఆరేళ్ళకోసారి వచ్చేది. పేపర్ల నిండా అదే గోల. ఒకరోజు అత్త బుట్ట దించకుండానే చెప్పింది. "మీ మావ నిన్ను రమ్మంతన్నాడు బాబూ. తోకసుక్క సూపించాలట. కల్లల్లో పువ్వులేసినాయి, ఆడికేటి కనబడతాది? సెప్తే ఇనడు. మా అల్లుడే రావాల, ఆడే సూపించాల అంతాడు."

వెళ్ళాను. ముందురోజు సాయంత్రమే కొండ దిగి, వాళ్ళింట్లో తిని, తెల్లవారుజామున మావ చెయ్యి పట్టుకుని ఇసుకలోకి నడిపించాను. చెయ్యి ఎంత బలహీనంగా ఉందో! కొండకు అవతల రిఫైనరీ మంట, రేవు దీపాలు. ఇవతల మాత్రం సముద్రం చీకటిగా ఉంది. తెప్పల పక్కన కూచున్నాం. జేబులో డబ్బా తెచ్చుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

"మా అమ్మ సూసింది దీన్ని," అన్నాడు మావ. "పన్నెండేల్ల పిల్లప్పుడు, ఇక్కడే, ఈ ఇసకలోనే. సీపురుకట్టంత తోకట. సిన్నప్పుడు మాకు రోజూ సెప్పేది. ఎవులూ నమ్మేవోరు కాదు. నాను నమ్మేవోన్ని." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "దాని మాట నాను నమ్మేను. నా మాట అది నమ్మనేదు. అదీ మా గొడవ."

ఆగ్నేయం మూల, నీటికి కాస్త పైన, వెతగ్గా వెతగ్గా కనిపించింది.

"కనబడిందేటి అల్లుడూ?"

"కనబడింది మావా."

"ఎలగుంది? సీపురుకట్టంత ఉందేటి?"

అవునని చెబితే ఏం పోయింది? ముసలాయన సంతోషిస్తాడు. కానీ ఆయన ముందు మరో అబద్ధం నా నోట రాలేదు. "లేదు మావా. చిన్నదే. పలకమీద సుద్దగీతను వేలితో చెరిపితే మిగిలే మరకలా ఉంది. తోక బెత్తెడు ఉంటుందేమో. కానీ ఉంది. అక్కడే ఉంది."

ఆయన చెయ్యి పట్టుకుని చుక్కవైపు చూపించాను. ఆ వేలు గాలిలో అలాగే ఉంచుకుని చాలాసేపు చూశాడు. ఆ కళ్ళకు ఏమీ ఆనలేదని నాకు తెలుసు.

"సాలు. నువ్వు సూసినావు. నువ్వు సూస్తే నాను సూసినట్టే," అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. "మావా, ఆరోజు ఆఫీసులో నేను..." అని మొదలెట్టాను. ఏడుపులో మాటలు ముక్కలైపోయాయి. మావ నా వీపు నిమిరాడు. తిట్టలేదు, ఏం పర్వాలేదని కూడా అనలేదు.

"ఇప్పుడు నానొకటి అడుగుతాను. ఎవులైనా ఎప్పుడైనా అడిగితే, సెప్తావేటి?"

"చెప్తాను మావా."

తెల్లారింది. చుక్క వెలుగులో కలిసిపోయింది. తెప్పలు నీళ్ళలోకి దిగుతున్నాయి. వలలు సర్దుకుంటున్న వాళ్ళందరితో మావ కేకేసి మరీ చెప్పుకున్నాడు. "మా అమ్మ సెప్పిన సుక్క వొచ్చింది రా! ఉంది! మా అల్లుడు సూసినాడు!" ఒక్కరూ నవ్వలేదు. మావ మాట నమ్మారు. మావ నా మాట నమ్మాడు.

ఆ మరుసటి ఏడాది ఆయన పోయాడు. నేను ఉద్యోగంలో పైకి వచ్చాను. నాకు ప్రమోషన్లన్నీ సమయానికే వచ్చాయి. ఆ డబ్బా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి, కింద అయస్కాంతం పెట్టి తిప్పుతాను. పొడి వెంట్రుకల్లా లేచి నిలబడి, చెయ్యి ఎటు తిరిగితే అటు తలలు తిప్పుతుంది.

ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్ళు చూశాను. ఎవరూ అడగలేదు. ఇక అడిగేవాళ్ళు లేరని తెలిసింది కాబట్టి, అడగకపోయినా చెబుతున్నాను. ఆఫీసరు గారు కలం మూత తీసి ఆగినప్పుడు చెప్పవలసిన మాటలు ఇవి. ఆ సాయంత్రం మావ తాగలేదు. జన్మలో ఎప్పుడూ తాగలేదు. రాయి ఆకాశం నుంచే పడింది. దాన్ని పొడి చేసింది ఆయన కాదు, నేను. దాని ముఖం చూసినవాళ్ళం ఇద్దరమే, ఒకరు పోయారు. రెండోవాణ్ణి నేనే అండి. నేను చూశాను.